గాల్లో గంటా పది నిమిషాలు

“గంటా పది నిమిషాలే గదనే. గింత దానికి మొకం గట్ల పెట్టినవేంది?” అన్నాడు నాగేందర్, తిన్న పళ్లెంలోనే చెయ్యి కడుక్కుంటూ.

కల్పన పళ్లెం తీసింది. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పి చూసింది, లేచి బయట కడుక్కోమని. “మా నాయన గిట్లనే కడిగిండు” అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. పదహారేళ్లుగా ఎంగిలి నీళ్లు ఒలకకుండా పళ్లెం పెరట్లోకి మోస్తూనే ఉంది.

“పొద్దుగాల పో. మాపటికి రా. ఎవరొద్దన్నరు? నేనేమన్న కట్టేసిన్నా?” అన్నాడు మళ్లీ. అతని గొంతులో కోపం లేదు. ఎవరూ ఇవ్వనిది తాను ఇస్తున్నానన్న నమ్మకం ఉంది. అదే ఆమెకు ఎక్కువ అలుపు తెప్పించింది. కోపానికి ఎదురు చెప్పొచ్చు. దయకు ఏం చెప్పాలి?

ఆ గంటా పది నిమిషాలు అతనికి నేర్పింది ఆమే. నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ ఆఫీసులో కల్పన పదకొండేళ్లుగా సార్ల ప్రయాణాలు చూస్తుంది. టికెట్లు, హోటళ్లు, కార్లు. ఆమె కుర్చీ వెనక గోడకు ఒక చార్టు ఉంది. హైదరాబాద్ నుంచి ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లు, విమానంలో ఎంతసేపు. ముంబై గంటా ఇరవై. అహ్మదాబాద్ గంటా నలభై. ఢిల్లీ రెండు గంటలు. విశాఖపట్నం గంటా పది. ఫోన్ ఎత్తి “ఎన్నింటికి బయలుదేరతారు సార్? రిటర్న్ ఎప్పుడు?” అని అడగడం ఆమె పని. చార్టు వైపు తిరగకుండానే సమయాలు చెప్పేస్తుంది. విశాఖలో దిగేటప్పుడు సముద్రం ఏ వైపు కిటికీలోంచి కనిపిస్తుందో కూడా చెబుతుంది. అది నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నది. ఆమె ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఇంట్లో మాత్రం అన్నాలు వడ్డిస్తూ ఆ లెక్కలు చెప్పేది. ఇయ్యాల మా సార్ ఢిల్లీ పోయి మాపటికల్లా వచ్చిండు అనేది. చెప్పుకోవడానికి ఆమెకు ఇంకేం ఉంది? ఇప్పుడు ఆ గొప్పే తిరిగొచ్చి ఆమె మెడకు చుట్టుకుంది.

చార్టు మొదలుపెట్టింది రాజశ్రీ. కాకినాడ దగ్గరి మనిషి. కల్పన కంటే పదేళ్లు పెద్ద. కల్పన ఆ ఆఫీసులో చేరిన రోజు పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్ నేర్పింది ఆమే. ఫోన్లో భయపడకుండా ఇంగ్లిష్ ముక్కలు మాట్లాడడం నేర్పిందీ ఆమే. “గాల్లో ఎంతసేపో చెబితే చాలు కల్పనా. దానికి ముందుదీ తరవాతదీ వాళ్లకి అక్కర్లేదు. పెట్టె సర్దేదీ వాళ్లు కాదు, మాసిన బట్టలు తీసి నానబెట్టేదీ వాళ్లు కాదు” అనేది. ఆరేళ్ల కింద రాజశ్రీ మొగుణ్ని వదిలేసింది. ఎందుకక్కా అని కల్పన అడిగితే, “ఇంట్లో కూడా డ్యూటీ దిగే టైమంటూ ఒకటి ఉండాలిగా” అని నవ్వింది. విశాఖలో ఉద్యోగం చూసుకుంది. బయలుదేరే రోజు మాత్రం నవ్వలేదు. “ఒక్కదాన్నే బండెక్కాలంటే కాళ్లు వణుకుతున్నాయి. స్టేషన్‌కి వస్తావా? బండి కదిలేదాకా కనిపిస్తే చాలు.”

వస్తానని కల్పన మాటిచ్చింది. ఆ సాయంత్రం ఆడబిడ్డ అత్తగారి వాళ్లు వచ్చారు. కోడికూర, జొన్నరొట్టెలు చెయ్యమంది అత్త. నాచారం నుంచి సికింద్రాబాద్ స్టేషన్ ఎనిమిది కిలోమీటర్లు. ఆ ఎనిమిది కిలోమీటర్లు దాటడం ఆమె వల్ల కాలేదు. రొట్టెలు కాలుస్తూ గడియారం చూసింది. బండి కదిలే వేళ దాటాక చూడడం మానేసింది. మర్నాడు ఫోన్ చేసి జ్వరమొచ్చిందని అబద్ధం చెప్పింది. “ఫర్వాలేదు” అంది రాజశ్రీ. ఆ తర్వాత ఎన్నోసార్లు మాట్లాడుకున్నారు కానీ ఆ రోజు ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

ఈ సోమవారం రాజశ్రీ ఆఫీసుకే ఫోన్ చేసింది. రొమ్ములో గడ్డ. మంచిది కాదన్నారు. గురువారం పొద్దున తీసేస్తారు.

“అన్నయ్య రానన్నాడు. వదిలిపెట్టొచ్చినదాన్ని కదా, నా దగ్గర కూర్చుంటే వాళ్ల పరువు పోతుంది. నాకేం సాయం అక్కర్లేదు కల్పనా. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి తెలిసిన మొహం ఒకటి ఎదురుగా ఉంటే చాలు. వస్తావా?”

“వస్తనక్కా” అంది కల్పన. ఆలోచించకుండా అంది. ఆలోచిస్తే అనలేనని తెలుసు.

“ఆమె నీకేమైతది?” అని అడిగింది అత్త ఈరమ్మ. ఈ ప్రశ్న ఆ రోజు నుంచి నాలుగుసార్లు అడిగింది. “అక్కనా? సెల్లెనా? మ్యానత్తనా? ఆంధ్రామె. మొగున్ని ఇడ్సిపెట్టినామె. గసొంటిదాని కోసం నువ్వు దవాఖాన్ల కూసుంటవ్. రేపు నేను పడ్తే ఎవరు కూసుంటరు మరి?”

“నేనే కూసుంట” అంది కల్పన.

అది నిజమే. పోయిన ఏడు ఈరమ్మ తుంటి విరిగి పదకొండు రోజులు దవాఖానాలో ఉంటే కూర్చున్నది ఆమే. ఆ పదకొండు రోజులూ ఆమె సంవత్సరం సెలవుల్లోంచి పోయాయి. నాగేందర్ రోజూ సాయంత్రం వచ్చేవాడు. తల్లి మంచం పక్కన పది నిమిషాలు నిలబడేవాడు. ఎంత మంచి కొడుకో అని చుట్టుపక్కల మంచాలవాళ్లు అనేవాళ్లు. మలమూత్రాలు ఎత్తే మనిషిని ఎవరూ ఏమీ అనలేదు. కోడలు కదా.

ఈరమ్మ అడ్డు పెద్ద అడ్డు కాదు. అసలు అడ్డు నల్లా. వాళ్ల గల్లీకి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి వస్తే ఐదింటికల్లా పోతాయి. గల్లీ ఎత్తు మీద ఉంది. నీళ్లు పైకెక్కవు. అందుకని ఇంటి ముందు నడుం లోతు గుంత తవ్వించి, అడుగున నల్లా పెట్టించారు. మూడు మెట్లు. గుంతలో దిగి బిందె నింపాలి. ఎత్తి గట్టు మీద పెట్టాలి. పైకెక్కి, మోసుకుపోయి డ్రమ్ములో పోసి, మళ్లీ దిగాలి. ఇరవై రెండు బిందెలు. మొగోడు గుంతల దిగితే గల్లోళ్లు నవ్వరా అంటుంది ఈరమ్మ. గల్లీవాళ్లు నవ్వుతారో లేదో ఎవరికీ తెలియదు. నాగేందర్ ఎన్నడూ దిగలేదు. ఇంజనీరింగ్ కంపెనీలో స్టోర్ కీపర్ అతను. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతాడు. నల్లా ఏ రోజొస్తుందో మాత్రం తెలియదు. నీళ్లు డ్రమ్ములోనే పుడతాయి అతనికి.

రెండేళ్ల కింద కల్పనకు చికున్‌గున్యా వచ్చింది. కీళ్లు పట్టేసి మంచం మీద నుంచి కాలు కింద పెట్టలేకపోయింది. నల్లా వచ్చింది. “హరిత ఉంది గదా” అని నాగేందర్ కూతురిని లేపి పంపి, తిరిగి పడుకున్నాడు. హరితకు అప్పుడు పన్నెండేళ్లు. రెండో మెట్టు పాకురు పట్టి ఉంటుందని ఆ పిల్లకు తెలియదు. జారి, గడ్డం బిందె అంచుకు తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాతి నల్లాకు కల్పన గోడ పట్టుకుని లేచింది. మళ్లీ ఒక్క నల్లా తప్పలేదు, అత్త దవాఖానాలో ఉన్న రోజుల్లో కూడా నాలుగింటికి ఇంటికొచ్చి పట్టిపోయింది. హరిత ఇప్పుడు పదో తరగతి. పది రోజుల్లో పరీక్షలు. చదువుకుంటూ పెన్సిల్ కొసతో గడ్డం కింద మచ్చను రుద్దుకుంటుంది. అది చూసినప్పుడల్లా కల్పన చూపు తిప్పుకుంటుంది.

బుధవారం నల్లా ఉంది. మళ్లీ శుక్రవారం. “గురువారం పోతే పో. శుక్రారం నల్లాకు ఇంట్ల ఉండాలె” అని ఈరమ్మ తేల్చింది. అలా ఆ ప్రయాణం రెండు నల్లాల మధ్య ఇరికింది. పొద్దున ఆరున్నర విమానం, తిరిగి సాయంత్రం నాలుగున్నర విమానం. కల్పన తనే టికెట్ వేసుకుంది.

మేనేజర్ గంగాధరరావు సెలవు చీటీ చూసి నవ్వాడు. “వైజాగ్ అంటే గంటా పది నిమిషాలేగా అమ్మా. నీ చార్టే చెబుతోంది. ఒక పూట సెలవు సరిపోదూ?”

ఆయన హాస్యమాడాననుకున్నాడు. పోయిన నెల అదే ఊళ్లో రెండు గంటల మీటింగుకు ఆయన ముందురోజు మధ్యాహ్నమే బయలుదేరాడు. సముద్రం కనిపించే గది కావాలంటే కల్పన ఏడు హోటళ్లకు ఫోన్ చేసి కుదిర్చింది. మీటింగు అయిన మర్నాడు ప్రయాణ బడలిక అని ఆఫీసుకు రాలేదు. ఊరు అదే. దూరం అదే. ఆయనకు మూడు రోజులు పట్టింది. ఆమెకు ఒక పూటలో అయిపోవాలి.

“ఒక రోజు కావాలి సార్.”

“సరే సరే. గురువారం టికెట్లన్నీ ముందే చేసిపెట్టి వెళ్లు. విజయభాస్కర్ అకౌంట్స్ నుంచి మొన్ననే కదా నీ దగ్గరికి మారాడు. కంగారుపడతాడు.”

బుధవారం ఆమె రెండు రోజుల పని చేసింది. ఇంటికొచ్చి ఇంకో రెండు రోజుల పని చేసింది. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకే లేచి పొద్దుటికి పప్పు, మధ్యాహ్నానికి కూర, రాత్రికి చారు చేసింది. ఈరమ్మ మాత్రలు మూడు పొట్లాలు కట్టింది. హరిత బట్టలు ఇస్త్రీ చేసింది. ఆఫీసుకు కార్లు పంపే ఆయన మూడున్నరకు గల్లీ మొగకు కారు పంపాడు. “పోతున్న” అంటే, “తలుపు దగ్గరికేసి పో” అన్నాడు నాగేందర్ కళ్లు తెరవకుండా. ముందురోజు మంగలి దుకాణంలో మాత్రం మా ఆమె విమానంల పోతుంది అని అందరికీ చెప్పుకున్నాడట. గడ్డం గీయించుకొచ్చి ఆ సంగతి తనే చెప్పాడు.

విమానాశ్రయం బేగంపేటలో ఉన్నప్పుడు ఇంటి నుంచి అరగంట. శంషాబాద్‌కు మారి రెండేళ్లయింది. ఇప్పుడు నలభై కిలోమీటర్లు. చార్టులో ఈ నలభై లేవు. గంట ముందు చేరాలన్న గంట లేదు. వరసలో నిలబడే సేపు లేదు. వంట లేదు, మాత్రల పొట్లాలు లేవు. పదకొండేళ్లుగా తన కుర్చీ వెనకే వేలాడుతున్న ఆ చార్టు ఎంత అబద్ధమో ఆమెకు కారులో తెలిసింది. అబద్ధం రాసినవాళ్లెవరూ లేరు. లెక్క మధ్యలో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు, అంతే.

తనకు తాను కిటికీ పక్క సీటు పెట్టుకుంది, సముద్రం కనిపించే వైపు. ఒక్కటే ఆశ అది. బెల్టు ఎలా పెట్టుకోవాలో పక్కాయన చూపించాడు. ఎందరెందరికో ఆ సీట్లు కుదిర్చిన మనిషికి బెల్టు పెట్టుకోవడం రాలేదు. సిగ్గుపడి నవ్వి, తల వెనక్కి ఆనించింది.

చక్రాలు నేలకు తగిలిన కుదుపుకు మెలకువ వచ్చింది. కిటికీలో ఎండిన గడ్డి, సిమెంటు నేల. సముద్రం వెనకబడిపోయింది.

“బాగా నిద్రపోయారండీ” అన్నాడు పక్కాయన.

గాల్లో ఆ గంటా పది నిమిషాలు కూడా ఆమెకు దక్కలేదు.

ఆసుపత్రిలో రాజశ్రీ ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. చిక్కింది. జుట్టు రెండు జడలుగా అల్లి పైకి కట్టారు. కల్పనను చూడగానే పాత అలవాటుగా, “వచ్చావా? రిటర్న్ ఎన్నింటికి?” అంది.

“నాలుగున్నరకక్కా.”

“ఆపరేషన్ తొమ్మిదింటికి. పన్నెండున్నరకల్లా బయట పడేస్తారు. సరిపోతుందిలే.” కల్పన సంచీ కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది. తన ప్రాణం మీదికొచ్చిన రోజున కూడా ఎదుటివాళ్ల రిటర్న్ చూసుకుంటోంది ఈ మనిషి.

నర్సు కాగితాలు తెచ్చింది. “పేషంటుకి మీరేమవుతారు?”

కల్పన రాజశ్రీ వైపు చూసింది. “చెల్లెల్ని.”

“సొంత చెల్లెలా? మాట వేరేగా ఉందే!”

“దీన్ని వేరే ఊళ్లో పెంచారులెండి” అంది రాజశ్రీ. నర్సు నవ్వి సంతకం పెట్టించుకుని పోయింది.

ఇద్దరే మిగిలారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది కల్పనకు. “అక్కా, ఆ రోజు స్టేషన్‌కు... నాకు జొరం రాలే.”

“తెలుసు.”

“ఇంటికి సుట్టాలొచ్చిన్రు.”

“ఎవరో ఒకరు వస్తారు. ఎప్పుడూ వస్తారు.” రాజశ్రీ గోడ వైపు చూసింది. “బండి కదిలాక కూడా తలుపు దగ్గరే నిలబడ్డాను. మీ నాచారం పక్కన మౌలాలి దాటేదాకా. ఆలస్యమై ఆ స్టేషన్‌కి వస్తావేమోనని.” అంతే అంది. ఫర్వాలేదు అనలేదు. ఈసారి ఆ మాట అనకపోవడమే నయమనిపించింది కల్పనకు.

తొమ్మిదింటికి తీసుకెళ్లలేదు. ఏదో యాక్సిడెంట్ కేసు వచ్చింది, థియేటర్ ఖాళీ లేదన్నారు. పదయింది. పదకొండయింది. ఫోన్ మోగింది. “కొత్తిమీర కారం ఏడ పెట్టినవ్?” అన్నాడు నాగేందర్. అలమారలో రెండో అర అని చెప్పింది. ఆపరేషన్ అయిందా అని అతను అడగలేదు. పన్నెండింటికి ఈరమ్మ చేసింది. రెండో పొట్లంలో గుండ్రటి మాత్రలు రెండున్నయేంది అని. అవి రెండూ వేసుకునేవేనని కల్పన చెప్పింది. పన్నెండున్నరకు రాజశ్రీని తీసుకెళ్లారు. చక్రాల మంచం మలుపు తిరిగేటప్పుడు ఆమె తల ఎత్తి వెనక్కి చూసింది. కల్పన చెయ్యి ఎత్తింది. స్టేషన్‌లో ఎత్తాల్సిన చెయ్యి.

ఆ తర్వాత బల్ల మీద కూర్చుంది. ఎదురుగా గడియారం. ఒకటిన్నర. రెండు. రెండున్నర. తలుపు తెరిచిన ప్రతిసారీ లేచింది. ఇంకా గంట పట్టొచ్చని, ఆ తర్వాత తెలివి రావడానికి మరో గంటన్నర అని ఒక నర్సు చెప్పి పోయింది. మూడింటికి ఆటో నడిపే అబ్బులు ఫోన్ చేశాడు. పొద్దున దింపినవాడే, మళ్లీ రమ్మని చెప్పి ఉంచింది. “అమ్మా, గేటు కాడున్నాను. టైమైపోతంది, వచ్చేయండి.”

కల్పన సంచీ తీసుకుని గేటు దాకా నడిచింది. కాళ్లకు అలవాటైన పని అది. పిలుపు వస్తే నడవడం. ఆటోలో ఒక కాలు పెట్టింది.

ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టి ఆమె లెక్క వేసింది. నాలుగున్నరకు ఎగిరి ఐదూ నలభైకి దిగుతుంది. సాయంత్రం రద్దీలో శంషాబాద్ నుంచి నాచారం రెండు గంటలు. ఎనిమిదింటికి ఇల్లు. చారు వేడి చేసి, అన్నం వండి, వడ్డించి, పళ్లేలు ఎత్తి, ఆ ఎంగిలి నీళ్లు పెరట్లో పోసి, పదకొండింటికి పక్క. నాలుగింటికి గుంత. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు. ఇక్కడ రాజశ్రీ ఐదింటికో ఐదున్నరకో కళ్లు తెరుస్తుంది. ఎదురుగా సెలైన్ సీసా ఉంటుంది. కల్పనకు బర్రెలు గుర్తొచ్చాయి. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో రెండుండేవి. నాచారంలో భూములు ఫ్యాక్టరీలకు పోయాక మేతకు జాగా లేక, కరెంటు స్తంభానికి పొడుగాటి పలుపుతో కట్టేవారు. బర్రె గడ్డి తింటూ తింటూ గుండ్రంగా తిరిగేది. దూరం పోతున్నాననే దానికి ఉండేదేమో. పలుపు బిగిసినప్పుడు ఆగేది. ఎవరూ కొట్టక్కర్లేదు, అదిలించక్కర్లేదు. తనే మళ్లుకునేది. ఆరువందల కిలోమీటర్ల పలుపు వేసి, చూడు ఎంత దూరం పోనిచ్చానో అంటున్నాడు నాగేందర్. అతను అబద్ధం ఆడడం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. పదహారేళ్లుగా పలుపు బిగిసిన ప్రతిసారీ తనే మళ్లుకుంది మరి. రొట్టెలు కాల్చినప్పుడూ ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు.

ఆమె ఆటోలోంచి కాలు తీసింది.

“నేను రావట్లేదు బాబూ.”

“ఇమానం పోద్దమ్మా!”

“పోనీ.”

ఆఫీసుకు ఫోన్ చేసింది. “ట్రావెల్ డెస్క్” అన్నాడు విజయభాస్కర్ కంగారుగా. నాలుగున్నర టికెట్ రద్దు చెయ్యమంది. అతను పేరు రాసుకుని, ఆమె నేర్పిన వరసలోనే, “రిటర్న్ ఎప్పుడు మేడమ్?” అని అడిగాడు.

ఎన్ని వేలసార్లు అడిగిందో ఆమె ఆ ప్రశ్న. ఒక్కరూ తడుముకోకుండా చెప్పేవారు. తమకు నచ్చిన రోజు, నచ్చిన వేళ. అలా చెప్పడం తనకూ ఇంత తేలికని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

“ఇప్పుడు చెప్పలేను. నేనే ఫోన్ చేస్తా. సార్‌కు చెప్పు, రేపు రాను, ఎల్లుండీ రాను.”

పైకి వెళ్లి అదే బల్ల మీద కూర్చుంది. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. భయం వేసింది. వేస్తూనే ఉంది. అయినా కూర్చుంది.

ఐదూ పదికి లోపలికి రానిచ్చారు. రాజశ్రీ మొహం పాలిపోయి, పెదాలు ఎండి ఉన్నాయి. ఛాతీకి ఒక పక్క అంతా తెల్లటి కట్టు. కల్పన స్టూలు లాక్కుని సరిగ్గా మొహానికి ఎదురుగా కూర్చుంది. నర్సు పక్కకు జరగమన్నా జరగలేదు. చాలాసేపటికి రెప్పలు కదిలాయి. కళ్లు తెరుచుకుని, మూతబడి, మళ్లీ తెరుచుకున్నాయి.

“టైమెంత?” రాజశ్రీ గొంతు గాలిలా వచ్చింది.

“ఐదున్నరక్కా.”

మత్తులో కూడా ఆ మనిషి లెక్క తప్పలేదు. నాలుగున్నర విమానం ఈపాటికి ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. నుదురు ముడిపడింది, విడిపోయింది. దుప్పటి మీద వేళ్లు కదిలిస్తే కల్పన తన చెయ్యి అందించింది. రాజశ్రీ ఒక్క వేలు పట్టుకుని నిద్రలోకి జారింది.

ఆరింటికి ఫోన్ మోగింది. కల్పన వేలు విడిపించుకోలేదు. ఎడమ చేత్తో ఎత్తింది.

“దిగినవా?” అన్నాడు నాగేందర్.

“ఎక్కలే.”

“ఎక్కకపోవుడేంది? ఇమానం పోయిందా?”

“పోయింది. నేనే పోలే. అక్క ఇప్పుడే కండ్లు తెర్సింది.”

“తెర్సింది గదా, ఇగేంది? డాక్టర్లున్నరు, సిస్టర్లున్నరు. నువ్వేం జేస్తవ్ ఆడ? రాత్రికేమన్న ఉంటే ఎక్కి రా. గంటా పది నిమిషాలే గదనే!”

“అది గాల్లో. కింద ఎంతసేపు పడ్తదో నాకిప్పుడే తెల్వది. ఆమె లేసి నడిసినంక వస్త.”

అవతల ఈరమ్మ గొంతు దూరంగా వినిపించింది, ఏదో గట్టిగా అంటోంది. నాగేందర్ మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

“రేపు నల్లా అట గదా. అమ్మ అంటుంది. డ్రమ్ముల అడుగున ఇన్నే ఉన్నయట. నీళ్లెవరు పట్టాలె?”

కల్పన నోరు తెరిచేలోపే అతను ఒక నిట్టూర్పు విడిచాడు. మళ్లీ అదే దయ, అదే గొంతు.

“సరే తియ్. ఫికర్ జెయ్యకు. హరిత ఉంది గదా, లేపుత.”

నాలుగు కుట్ల మచ్చ. దాని మీద రుద్దుకునే పెన్సిల్ కొస. పది రోజుల్లో పరీక్షలు. కల్పన గొంతు పెంచలేదు. రాజశ్రీ నిద్ర చెడుతుందని మెల్లగానే అంది.

“హరితను లేపకు. నాలుగింటికి నువ్వు లే. రెండో మెట్టు పాకురు పట్టి ఉంటది, సూస్కోని దిగు.”